సెట్టు పోయిందని చెప్పనివ్వండి



ఈసారి చూడ్డానికి చిన్నగా కనిపించే ఒక సామాను గురించి రాస్తున్నా. ముహర్రంలో డబీర్‌పురా నుంచి బీబీ కా అలం కదిలినా, మిలాద్ జులూస్ వెళ్లినా, లాల్ దర్వాజా బోనాలకు జనం వచ్చినా, నిమజ్జనానికి లారీలు బయల్దేరినా, రోడ్డు పక్కన నిలబడ్డ సిపాయి భుజం దగ్గర అది గరగరమంటూనే ఉంటుంది. మన పిల్లలు వాకీటాకీ అంటారు. డిపార్ట్‌మెంటులో మాత్రం దాని పేరు 'సెట్టు'. "సెట్టులో చెప్పు", "సెట్టులో వచ్చింది" అంటారు.

ఇరవై ఏళ్ల కింద క్రైం బీట్ చూసిన రోజుల్లో రాత్రిళ్లు ఠాణాలో ఆ సెట్టు పక్కన బెంచీ మీద కూర్చుని ఖబర్ కోసం చెవులు రిక్కించేవాణ్ణి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసిన ఖిచిడీ జబాన్ అది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ ఖిచిడీ తొందరగానే ఒంటబట్టింది. దానితోపాటు ఇంకో సంగతి కూడా అర్థమైంది. సెట్టులో వచ్చిన మాట సచ్చా, ఝూటా అని ఎవరూ అడగరు. మాట వినబడగానే సాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టి లేస్తాడు, జీపు స్టార్టవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఖబర్‌ని పదిమంది నమ్మితే పదిమంది అనుమానిస్తారు. సెట్టులో వచ్చిన ఖబర్‌ని అనుమానించే రివాజు లేదు. అలా అనుమానిస్తూ కూర్చుంటే అంబులెన్సూ కదలదు, ఫైరింజనూ కదలదు.

ఆ సెట్టు పోతే ఏమవుతుంది? చోరీ అయితే? ఎవరైనా విప్పి లోపల ఏదైనా మార్చేస్తే?

మన ఫోన్ పోతే ఏం చేయాలో ఇప్పుడు ఇంట్లో అమ్మీకి కూడా తెలుసు. సంచార్ సాథీ పోర్టల్లో పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు ఇచ్చి బ్లాక్ చేయించుకుంటాం. ఏటీఎం కార్డు పోతే ఆ నిమిషంలోనే బ్యాంకుకు ఫోన్ చేస్తాం. అందులో మన పైసలుంటాయి కాబట్టి. సర్కారీ సెట్టులో పైసలుండవు. కానీ మన గల్లీకి ఎవరిని పంపాలి, ఎప్పుడు పంపాలి, ఎంతమందిని పంపాలి అన్న హుకుం దాని మీదే నడుస్తుంది. తనాతనీగా ఉన్న ఒక రాత్రి, పోయిన సెట్టులోంచి ఎవడో "ఫలానా గల్లీలో రాళ్లు పడుతున్నాయి, ఫోర్స్ పంపండి" అన్నాడనుకోండి. లేదా నిజంగా రాళ్లు పడుతున్న చోటికి బయల్దేరిన బండిని "అవసరం లేదు, వెనక్కి రండి" అని ఆపాడనుకోండి. అఫ్వా ఎంత నుక్సాన్ చేస్తుందో మన శహర్‌కు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ అఫ్వా పోలీసు గొంతుతోనే వస్తే? అందుకే దీన్ని డిపార్ట్‌మెంటు స్టోర్‌రూం మామ్లా అని వదిలేయలేను. సెట్టు కొన్నది అవామ్ పైసలతో. అది సిపాయి చేతిలో ఉన్న మన అమానత్.

ఇదంతా ఖయాలీ పులావ్ అనుకునేవాళ్ల కోసం జరిగిన సంగతులు రెండు చెప్తా.

2017 ఏప్రిల్ 7 రాత్రి, అమెరికాలోని డల్లాస్ శహర్. సుడిగాలి వస్తే జనాన్ని హెచ్చరించడానికి అక్కడ పెట్టిన 156 సైరన్లు అర్ధరాత్రి వేళ ఒక్కసారిగా మోగాయి. ఆకాశం మామూలుగానే ఉంది. ఎవరో రేడియో సిగ్నల్‌తో వాటిని మోగించారు. గంటకు పైగా మోగుతూనే ఉన్నాయి. ఎమర్జెన్సీ నంబరుకు నాలుగు వేలకు పైగా కాల్స్ వచ్చాయి. నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు ఆ రాత్రి ఆ కాల్స్ వెనుక లైన్లో నిలబడాల్సి వచ్చింది.

2023 ఆగస్టులో పోలండ్. ష్చెచిన్ ప్రాంతంలో ఒక రాత్రి ఇరవై దాకా రైళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. అక్కడి రైల్వే రేడియోలో 'రేడియో స్టాప్' అనే ఇంతెజామ్ ఉంది. మూడు స్వరాలు వరుసగా వినబడితే రైలు బ్రేకులు పడతాయి. ప్రమాదం కనిపించినప్పుడు దగ్గర్లో ఉన్న ఎవరైనా రైలును ఆపగలగాలన్న మంచి ఇరాదాతోనే దాన్ని పెట్టారు. కానీ ఆ స్వరాలు పంపినవాడు ఎవడని ఆ రేడియో అడగదు. దానికి తాళం లేదు, పహరా లేదు. ఎవడో ఆ మూడు స్వరాలు గాలిలోకి వదిలాడు.

ఈ రెండు చోట్లా సెట్టు చోరీ చేయాల్సిన అవసరం కూడా రాలేదు. వచ్చిన ప్రతి గొంతునూ అసల్ అని నమ్మే రేడియో ఉంటే చాలు. ఇక అసలైన సెట్టే చేతికి చిక్కితే చెప్పేదేముంది?

"ఇప్పుడు డిజిటల్ వచ్చింది కదా భాయ్, అంతా కోడ్‌లో ఉంటుంది" అని ఒక దోస్త్ అన్నాడు. వచ్చింది, మంచిదే. పాత అనలాగ్ సెట్టయితే ఫ్రీక్వెన్సీ తెలిసినవాడెవడైనా వినొచ్చు, మాట్లాడొచ్చు. డిజిటల్లో మాటకు తాళం వేసి పంపొచ్చు. కానీ ఆ తాళంచెవి ఉండేది సెట్టు లోపలే. సెట్టు పోయిందంటే తాళం, తాళంచెవి కలిసే పోయినట్టు.

తాళం మీద గుడ్డి భరోసా కూడా పనికిరాదు. చాలా దేశాల పోలీసులు వాడే టెట్రా అనే రేడియో పద్ధతిలో లోపాలున్నాయని 2023 జులైలో నెదర్లాండ్స్‌కు చెందిన ముగ్గురు పరిశోధకులు బయటపెట్టారు. అందులో ఒక రకం తాళం పైకి 80 బిట్ల తాళం. లోపల దాన్ని 32 బిట్లకు కుదించి పెట్టారు. మామూలు కంప్యూటరుతో ఒక నిమిషంలో తెరవొచ్చని వాళ్లు చూపించారు. దాదాపు ముప్పై ఏళ్లుగా రహస్యంగా దాచిన ఆ తాళం తరీఖాను వాళ్లు ఎలా పట్టుకున్నారు? ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్‌కు అమ్మకానికి పెట్టిన ఒక రేడియోను కొని, విప్పి చూశారు. వాళ్లు నేక్ నియ్యత్‌తో చేశారు కాబట్టి ముందు సంబంధిత ప్రభుత్వాలకు, కంపెనీలకు ఇత్తెలా ఇచ్చి, తర్వాత లోకానికి చెప్పారు. అదే బజారులో బద్‌నియ్యత్ ఉన్నవాడు కూడా కొనుక్కోవచ్చు.

అంతకుముందు 2011లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు అమెరికా ఫెడరల్ ఏజెంట్లు వాడే పీ25 రేడియోలను పరిశీలించారు. తాళం వేసే బటన్ ఉన్నా, అది వేసి ఉందో లేదో వాడేవాళ్లకు తెలియక, సున్నితమైన మాటలు ఖుల్లంఖుల్లా గాలిలోకి పోతున్నాయని తేల్చారు. పిల్లలు ఆడుకునే ఒక మెసేజ్ బొమ్మను కొద్దిగా మార్చి ఆ రేడియో మాటలకు అడ్డుపడొచ్చని కూడా చూపించారు. యంత్రం ఎంత ఖరీదైనదైనా వాడే మనిషికి అర్థం కాకపోతే ఖర్చంతా బేకార్.

ఇక లోపల మార్చడం. 2024 సెప్టెంబరు 18న లెబనాన్‌లో వాకీటాకీలు పేలాయి. దానికి ముందురోజు పేజర్లు పేలాయి. రెండు రోజుల్లో 30 మందికి పైగా చనిపోయారు, అందులో మాసూమ్ పిల్లలూ ఉన్నారు. వేలమంది గాయపడ్డారు. పేలిన వాకీటాకీల మీద జపాన్ కంపెనీ ఐకామ్ పేరుంది. ఆ మోడల్ తయారీని 2014లోనే ఆపేశామని, నకిలీని గుర్తుపట్టడానికి తాము అతికించే హోలోగ్రామ్ ముద్ర వాటి మీద లేదని, అందువల్ల అవి తమవో కావో చెప్పలేమని ఆ కంపెనీ జవాబిచ్చింది. ఆ జంగ్ సంగతి ఇక్కడ చర్చించడం లేదు. సామాను చేతికొచ్చే లోపు ఎన్ని చేతులు మారిందో తెలియకపోతే ఏం జరగొచ్చో అందులో ఉంది. ప్రపంచంలో ఏ సర్కారీ మహకమా అయినా ఆ రోజు తన స్టోర్‌రూం తెరిచి చూసుకుని ఉండాల్సింది.

సరే, ఇలాజ్ ఏంటి? పోయిన సెట్టును కంట్రోల్ రూం నుంచే మూగదాన్ని చేసే ఇంతెజామ్ డిజిటల్ పద్ధతుల్లో ఉంది. ప్రతి సెట్టుకూ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుకు హుకుం పంపితే సెట్టు పని మానేస్తుంది. దొరికితే మళ్లీ బతికించేలా తాత్కాలికంగా ఆపొచ్చు, మళ్లీ లేవకుండా పూర్తిగానూ ఆపొచ్చు. మిగతా సెట్లన్నిటికీ గాలిలోనే కొత్త తాళంచెవి పంపితే, పోయిన సెట్టుకు పాత తాళంచెవే మిగులుతుంది. దానికిక ఏమీ అర్థం కాదు.

కానీ ఇందులో ఒక మజ్బూరీ ఉంది. ఆగిపొమ్మన్న హుకుం అందాలంటే ఆ సెట్టు ఆన్‌లో ఉండాలి, టవర్ అందే చోట ఉండాలి. దొంగ దాన్ని బంద్ చేసి బీరువాలో పెడితే హుకుం చేరదు. టవర్‌తో పని లేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడుకునే పద్ధతిలో వాడినా చేరదు. అందుకే పోయిన మొదటి గంట చాలా ఖీమతీ. ఆ గంటలో సెట్టు ఇంకా ఆన్‌లోనే ఉంటుంది, దగ్గర్లోనే ఉంటుంది. హుకుం పంపడానికి, వెతకడానికి, మిగతావాళ్లను ఖబర్దార్ చేయడానికి వక్త్ ఉంటుంది. అయితే ఇవన్నీ మొదలవ్వాలంటే ఒక మనిషి నోరు తెరిచి "సాబ్, సెట్టు పోయింది" అనాలి.

ఆ మాటే బయటికి రాదు.

నాకు తెలిసిన ఒక హోంగార్డు కథ చెప్తా. పేరు, ఠాణా వద్దు. ఒక జులూస్ బందోబస్తులో జనం తోపులాటలో అతని నడుముకున్న సెట్టు పోయింది. క్లిప్పు ఎప్పట్నుంచో వదులుగా ఉందట. ఆ రాత్రి అతను ఎవరికీ చెప్పలేదు. మర్నాడు సిక్ అని సెలవు పెట్టి జులూస్ తిరిగిన దారంతా వెతికాడు. రెండో రోజు సాయంత్రం నా దగ్గరికొచ్చి, "భాయిజాన్, ఖబర్ రాయకండి. ఇట్లాంటి సెట్టే సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, కొని పెట్టేస్తా" అన్నాడు. ముందు పోయి సాబ్‌తో చెప్పమన్నాను. మూడో రోజు చెప్పాడు. మెమో ఇచ్చారు. ఖీమత్ కట్టమన్నారు. రోజు భత్యం మీద బతికేవాడు, నెలనెలా కట్టుకుంటూ వచ్చాడు. సెట్టు మాత్రం దొరకలేదు.

నన్ను ఇప్పటికీ సతాయించే సంగతి వేరే. "పైసలు ఎప్పుడు కడతావ్?" అని అతన్ని అందరూ అడిగారు. "ఆ మూడు రోజులు ఆ సెట్టు ఎవడి చేతిలో ఉంది? వాడు ఏం విన్నాడు?" అని ఒక్కరూ అడగలేదు. మహకమాకు పోయింది కొన్ని వేల రూపాయల సామాను. శహర్‌కు పోయింది మూడు రోజుల హిఫాజత్. మొదటిదానికి రసీదు ఉంది, రెండోదానికి హిసాబ్ లేదు.

ఇది రాసే ముందు ఒక రిటైర్డు పోలీసు అధికారితో మాట్లాడాను. "డర్ లేకపోతే లాపర్వాయి పెరుగుతుంది. పోగొట్టుకున్నా ఏమీ అనరంటే ప్రతివాడూ పోగొట్టుకుంటాడు" అన్నారు. ఆయన మాటలో దమ్ముంది, కొట్టిపారేయను. కానీ డర్ దేనికి ఉండాలన్నదే నా సవాల్. పోగొట్టుకున్నందుకా, దాచినందుకా? ఇప్పుడున్న కాయిదాలో రెండింటికీ ఒకే సజా. మొదటి గంటలో చెప్పినవాడికీ మెమోనే, మూడో రోజు చెప్పినవాడికీ మెమోనే. మరి ఎవడైనా మొదటి గంటలో ఎందుకు చెప్తాడు? ఇంకో రెండు రోజులు వెతుకుదాం, దొరికితే బచాయిస్తాం అనే అనుకుంటాడు. సజా ఉండొద్దని నేననడం లేదు. దాచినవాడికి, అమ్ముకున్నవాడికి, మళ్లీ మళ్లీ పోగొట్టినవాడికి సఖ్త్ సజా ఇవ్వండి. గంటలోపు నిజం చెప్పినవాడి జీతంలో చేయి పెట్టకండి. ఏటీఎం కార్డు పోయిందని ఫోన్ చేసినవాణ్ణి బ్యాంకు ముందు తిట్టదు, ముందు కార్డు బంద్ చేస్తుంది.

లాపర్వాయికి ఇలాజ్ డర్ కాదు, గింతీ. డ్యూటీ ఎక్కేటప్పుడు సెట్టు నంబరు రాసి దస్తఖత్ పెట్టి తీసుకోవాలి, దిగేటప్పుడు అదే నంబరు చూసి వాపస్ ఇవ్వాలి. రిజిస్టర్లో నంబరు లేకుండా "సెట్లు 12" అని రాస్తే అది హిసాబ్ కాదు. పెద్ద బందోబస్తుకు వేరే ఠాణాల నుంచి, వేరే జిల్లాల నుంచి మనుషులొస్తారు. సెట్లు చేతులు మారతాయి. గింతీ తప్పేది అక్కడే. కాబట్టి ఆ రాత్రి ఇళ్లకు పంపే ముందే లెక్క చూడాలి. వదులైన క్లిప్పు, చిరిగిన పౌచ్ మార్చడానికి అయ్యే ఖర్చు ఒక సెట్టు ఖీమత్‌లో పిసరంత.

మరమ్మతుకు పోయిన సెట్టు మీద కూడా అదే నజర్ ఉండాలి. సెట్టులో చానళ్లు నింపే కేబులు, సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డు ఎవరి దగ్గరున్నాయో రాసి ఉండాలి. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డునే ఏళ్ల తరబడి వాడితే ఇంటికి తాళం వేసి చెవిని దర్వాజాకే వేలాడదీసినట్టు. రిపేర్ నుంచి తిరిగొచ్చిన సెట్టు సీలు చూసి తీసుకోవాలి. కొత్తవి కొనేటప్పుడు సస్తా అని మధ్య దలాల్ దగ్గర కొనకుండా కంపెనీ ముద్ర చూసుకోవాలి. పాతబడి కబాడ్‌కు పోయే సెట్టులోంచి చానళ్లు, తాళంచెవులు చెరిపేశాకే గేటు దాటించాలి. ఇవేవీ పోలీసులకే కాదు. ఫైర్ సర్వీసుకూ, మున్సిపల్ సిబ్బందికీ, రైలు నడిపే లోకో పైలట్‌కూ, వెనక ఉండే గార్డుకూ సెట్లుంటాయి. పోలండ్ సంగతి విన్నాక రైల్వే సెట్టును చిన్నచూపు చూడగలమా?

ఇంకోటి కూడా సర్కార్‌ను అడగాలి. ఏటా ఎన్ని సెట్లు పోయాయి, ఎన్ని దొరికాయి, సగటున ఎన్ని గంటలకు ఇత్తెలా వచ్చింది, ఈ మూడు అంకెలు అవామ్ ముందు పెట్టండి. ఏ ఫ్రీక్వెన్సీ, ఏ తాళం అని ఎవరూ అడగడం లేదు. అంకెలు చెప్తే దొంగకు ఫాయిదా లేదు. దాస్తే మాత్రం లాపర్వాయికి ఫాయిదా.

ఇప్పుడు మన వైపు జిమ్మేదారీ. దావత్‌లలో, పెద్ద ఇజ్తెమాలలో, ఫంక్షన్ హాళ్ల పార్కింగ్‌లో వాలంటీర్లు వాకీటాకీలు వాడటం మామూలైపోయింది. ఆన్‌లైన్‌లో కనిపించిన దాన్నల్లా ఆర్డర్ పెట్టకండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకునే చిన్న వాకీటాకీలకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకే ఇజాజత్ ఉంది. ఆ సెట్టుకు కూడా సర్కారు మంజూరీ ఉండాలి. ఈ వివరాలేవీ చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 13 ఈ-కామర్స్ వేదికలకు నోటీసులు ఇచ్చింది. ఆ తర్వాత అమ్మకాల మీద మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ఎవడో సస్తాగా అమ్మిన సెట్టు తెలియకుండా పోలీసు చానల్లో దూరితే, అమ్మినవాడు ఎక్కడో ఉంటాడు, సెట్టు చేతిలో ఉన్న మన పిల్లాడు ఠాణాలో ఉంటాడు.

జుమ్మేరాత్ బజారులో పాత సామాను బేరమాడటం మనకు సరదా. రేడియోలు, కెమెరాలు, గడియారాలు చూస్తే చేయి ఆగదు. కానీ మహకమా పేరో, చెక్కిన నంబరో, గీకేసిన గుర్తో ఉన్న సెట్టు కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి. చోరీ మాల్ అని తెలిసి కొన్నా, దగ్గర పెట్టుకున్నా భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ ఉంది. రిపేర్ దుకాణాలు నడిపే తమ్ముళ్లూ, రసీదు లేని సెట్టును విప్పకండి.

మరి దారిలో సెట్టు దొరికితే? ఇక్కడ మనవాళ్ల దిల్‌లో ఉన్న డర్ నాకు తెలుసు. "ఇది పట్టుకుని ఠాణాకు పోతే మనమే చోర్ అవుతాం, ఇంకేదో కూడా అవుతాం" అనుకుంటారు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన మన నౌజవాన్లు ఎందరో తర్వాత కోర్టులో బరీ అయ్యారు. ఆ యాదిని పొమ్మంటే పోదు. అయినా చెప్తున్నా, దొరికిన సెట్టును ఇంట్లో పెట్టుకోవద్దు, నాలాలో పారేయొద్దు. బటన్లు నొక్కొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు, వీడియో తీసి స్టేటస్ పెట్టొద్దు. 112కు ఫోన్ చేసి ఎక్కడ దొరికిందో చెప్పండి. ఇవ్వడానికి పోయేటప్పుడు మహల్లాలో ఇద్దరు పెద్దమనుషుల్ని తోడు తీసుకెళ్లండి. సెట్టు నంబరు, తేదీ, టైము రాసిన రసీదు అడిగి తీసుకోండి.

పోలీసు సాబులకు కూడా అదే ఇల్తిజా. సెట్టు తెచ్చి ఇచ్చినవాణ్ణి ముల్జిమ్‌లా కూర్చోబెట్టి నాలుగు గంటలు సవాళ్లు అడిగితే, రెండో సెట్టు మీ దగ్గరికి రాదు. షుక్రియా చెప్పి, చాయ్ తాగించి, రసీదిచ్చి పంపండి. ఆ మాట ఒక్క రోజులో మహల్లా అంతా తిరుగుతుంది.

హోంగార్డు నోరు తెరవకపోవడానికీ, గల్లీలో సెట్టు దొరికినవాడు నోరు తెరవకపోవడానికీ కారణం ఒకటే. నిజం చెప్తే తన మీదికే వస్తుందన్న డర్. ఆ డర్ ఉన్నంతకాలం ఎంత ఖరీదైన డిజిటల్ సెట్టు కొన్నా, ఎన్ని బిట్ల తాళం వేసినా, పోయిన సెట్టు పోయిన చోటే మాట్లాడుతూ ఉంటుంది. దాన్ని తీసేయడానికి టెండర్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు: గంటలోపు చెప్పినవాడికి మాఫీ, దాచినవాడికి సజా. మీ మహల్లాలో శాంతి కమిటీ మీటింగ్ జరిగినప్పుడు సాబులతో ఈ మాట అనండి. కార్పొరేటర్ కనిపిస్తే అనండి. నేను నా వంతు రాస్తూనే ఉంటా.

ఖుదా హాఫిజ్.